నిండు ట్యాంకు

రాకెట్టు మళ్ళీ తిరగబడింది. లేవడం బుద్ధిగానే లేచింది, మబ్బులు దాటేదాకా తిన్నగానే పోయింది, తీరా సగం దారిలో దానికేం పుట్టిందో, ముక్కు పక్కకు వాల్చి పల్టీలు కొట్టి ముక్కలైపోయింది. మంచం మీద ఎడమ పక్కకు తిరిగి పడుకున్న కోడలు ల్యాప్‌టాప్ మీది చెయ్యి తీసి పొట్ట మీద పెట్టుకుంది.

"హోల్డాన్, హోల్డాన్!" అంది అత్తగారు కుర్చీలోంచే.

ఆవిడ రిటైరయ్యేదాకా బస్సు కండక్టరు. రాకెట్టు లేచేటప్పుడు "రైట్ రైట్" అనీ, కూలినప్పుడు "హోల్డాన్" అనీ అరవడం ఆవిడకు అలవాటైపోయింది. రోజూ ఆ అరుపుకు నవ్వే కోడలు ఇవాళ నవ్వలేదు.

నవ్వెలా వస్తుంది చెప్పండి? ఎనిమిదో నెల. పోయినసారి స్కానింగులో ఉమ్మనీరు తగ్గిందన్నారు. స్నానానికీ బాత్రూముకీ తప్ప మంచం దిగొద్దు, నీళ్ళు బాగా తాగు, వచ్చే వారం మళ్ళీ చూస్తాం, ఇంకా తగ్గితే బిడ్డను ముందే తీసేయాల్సి వస్తుంది, అని డాక్టరమ్మ తాపీగా చెప్పింది. చెప్పేవాళ్ళకేం, చెప్పి చేతులు దులుపుకుంటారు. మోసేవాళ్ళకు కదా తెలిసేది! ఆ మళ్ళీ చూసే రోజు ఇవాళే.

పొద్దుపోవడానికని మరిది తన పాత ల్యాప్‌టాప్ ఇచ్చి వెళ్ళాడు. అందులో ఒక ఆట. ముక్క మీద ముక్క పెట్టి రాకెట్టు కట్టుకోవాలి, దాన్ని ఎగరేసి భూమి చుట్టూ తిరిగేలా నిలబెట్టాలి. ఆమె కొరియర్ ఆఫీసులో పార్శిళ్ళు సర్దే మనిషి, ఏ బరువు ఎక్కడ పెట్టాలో ఇట్టే పట్టేసింది. బరువు ముక్కు వైపు ఉండాలి, రెక్కలు తోకకు ఉండాలి, అచ్చం బాణంలాగా. అలాగే కట్టింది. అయినా ఈ మాయదారి రాకెట్టు సగం దారిలో కొంప ముంచుతోంది. ఎందుకో కనిపెట్టడానికి ఆమె ఎన్ని రాకెట్లు కూల్చుకుందో లెక్కే లేదు. చివరికి తెలిసింది. పై ట్యాంకులో ఇంధనం ముందు ఖాళీ అవుతోంది. ముక్కు తేలికై బరువంతా తోకలోకి దిగుతోంది. ఇక గాలికి ఆ ముక్కును పక్కకు నెట్టడం ఎంతసేపు? "తగ్గడంతోనే వస్తోందత్తయ్యా తంటా అంతా" అని ఆ రోజే అత్తగారికి చెప్పింది కూడా.

చెప్పాక ఆ మాట ఆమె మనసులోంచి పోలేదు. అక్కడా తగ్గడమే, ఇక్కడా తగ్గడమే. అప్పుడు చేయకూడని పని చేసింది. ఇది పైకి చేరితే నా బిడ్డకేమీ కాదు, అని పందెం కాసుకుంది. ఎవరితో? దేవుడికెరుక. భయం పట్టినవాళ్ళు ఎవరితో పందెం కాస్తారో వాళ్ళకే తెలియదు. ఆ రోజు నుంచి అది ఆట కాకుండా పోయింది. రెక్కలు పెంచితే బరువెక్కి పైదాకా పోలేదు. తగ్గిస్తే మొదట్లోనే తూలింది. కూలిన ప్రతిసారీ, లోపల బిడ్డ కదిలేదాకా పొట్ట మీది చెయ్యి తీసేది కాదు.

"ఇంకొక్కసారి అత్తయ్యా" అంది ఇప్పుడు.

"ఆ దిక్కుమాలిన రాకెట్టు పోతే పోనీవే. నువ్వు గొణుక్కునేది నాకు వినపడదనుకున్నావా? కిక్కిరిసిన బస్సులో వెనక సీటువాడు ఏ స్టాపన్నాడో విన్న చెవులివి. ఇది పైకెళ్తే నువ్వు బాగుంటావని పొట్టతో చెప్తున్నావు. బిడ్డను తీసుకెళ్ళి రాకెట్టుకు ముడిపెడతారా ఎవరైనా?"

కోడలికి ఏడుపు తన్నుకొచ్చింది. "భయమేస్తోందత్తయ్యా. ఇది పైకి చేరకుండా నేను ఆస్పత్రికి రాలేను. నా వల్ల కాదు."

తిడుతుందనుకుంది. అత్తగారు తిట్టలేదు. కోడలి కళ్ళు తుడిచి, "లే, ముందు స్నానం చేసి రా. వచ్చాక ఒక్కసారి ఎగరేద్దువుగాని. తర్వాత మాత్రం టాక్సీ ఎక్కాల్సిందే, చెప్తున్నా" అంది.

కోడలు బాత్రూములో ఉండగా అత్తగారు ఫోనులో మాట్లాడడం వినపడింది. "ఒరేయ్ చిన్నోడా, ఎక్కడరా అది? గట్టిగా చెప్పు... ఆఁ, కనపడింది." టాక్సీ పిలవడానికి మరిదిని సాయం అడుగుతోంది కాబోలనుకుంది కోడలు.

వచ్చి పడుకుని, అదే రాకెట్టును మళ్ళీ నిలబెట్టింది. మీట నొక్కబోతే వేలు ఆడలేదు.

"రైట్ రైట్!" అంది అత్తగారు.

లేచింది. మబ్బులు దాటింది. రోజూ తిరగబడే ఎత్తు వచ్చింది. కోడలు కళ్ళు గట్టిగా మూసుకుంది. తెరిచేసరికి రాకెట్టు గీత గీసినట్టు తిన్నగా పోతూనే ఉంది. మెల్లగా వంచింది, వంగింది. ఆకాశం నల్లబడింది. కాసేపటికి దాని దారి గుండ్రంగా భూమిని చుట్టుకుంది.

"చేరిందత్తయ్యా! చేరింది!" ఏడుస్తూ నవ్వింది. అప్పుడే మూలనున్న ఇంధనం పట్టీ మీద చూపు పడింది. అది పచ్చగా, నిండుగా ఉంది. నేల మీద ఎంతుందో ఇక్కడా అంతే, చుక్క తగ్గలేదు.

తలెత్తి చూసింది. అత్తగారు అటు తిరిగి, సర్దిన ఆస్పత్రి రిపోర్టులనే మళ్ళీ సర్దుతోంది.

కోడలికి అర్థమైంది. ఇది దొంగాట. దొంగాటతో గెలిచిన పందెం చెల్లుతుందా? చెల్లకపోతే? టాక్సీలో కూర్చున్నా అదే గుబులు. చివరికి ఆపుకోలేకపోయింది.

"ట్యాంకు తగ్గలేదత్తయ్యా."

"ఏ ట్యాంకు?"

"మీకు తెలుసు."

అత్తగారు మొహం కిటికీ వైపు తిప్పుకుంది. "తగ్గితే తిరగబడుతుందని నువ్వేగా అన్నావు. తగ్గకుండా ఏదైనా దారి చూడరా అన్నాను చిన్నోణ్ణి. ఆట సెట్టింగుల్లో ఎక్కడో టిక్కు పెడితే ఇంధనం తగ్గదట, పెట్టమన్నాడు, పెట్టాను. దొంగాటే, కాదనను. నా సర్వీసంతా టికెట్టు లేకుండా ఒక్కణ్ణీ బస్సెక్కనివ్వలేదు నేను. ఇవాళ ఒక్కరిని ఎక్కించాను. ఎక్కించకూడదా? నాకు మాత్రం భయం లేదా?"

కోడలు ఆవిడ చెయ్యి పట్టుకుంది. ఆస్పత్రి వచ్చేదాకా ఇద్దరూ వదల్లేదు.

స్కానింగు గదిలోకి కోడలిని ఒక్కదాన్నే రమ్మన్నారు. పొట్ట మీద చల్లటి జెల్లు పూశారు. డాక్టరమ్మ తెర వైపు చూస్తూ ఎంతకీ నోరు విప్పదు! కోడలు పైకప్పు మీద చూపు నిలిపి, పళ్ళు బిగబట్టుకుని పడుకుంది.

"పెరిగిందమ్మా, కొద్దిగా. ఇప్పటికైతే బిడ్డను తీయనక్కర్లేదు. మంచం మాత్రం దిగొద్దు."

బయటికొచ్చేసరికి అత్తగారు సంచీ గుండెలకు హత్తుకుని నిలబడి ఉంది.

"పెరిగిందటత్తయ్యా. కొద్దిగా."

ఆవిడ బెంచీ మీద కూలబడి, రెండు చేతులతో మొహం కప్పుకుంది. తర్వాత ముక్కు చీది, గొంతు సవరించుకుంది.

"అయితే ఇంటికెళ్ళగానే ఆ టిక్కు తీసేస్తాలే. ఎంతైనా దొంగాట."

"వద్దత్తయ్యా" అంది కోడలు గబగబా. "పురుడయ్యేదాకా ఉండనివ్వండి."