తడి గీత

యెషయా నీలం సుద్దతో ఉక్కుటేపు చివరి నాలుగు మీటర్లూ రుద్దుతున్నాడు. గ్రేటర్ నోయిడాలోని ఈ సందు చివర భూగర్భజల శాఖ పాతిన ఇనప గొట్టం ఉంది. ముప్పై ఏళ్లుగా ఆయన పని ఇదే: ఇలాంటి గొట్టాల్లోకి టేపు దించడం, నీళ్లెంత లోతున ఉన్నాయో రాయడం. అరచేతి గీతల్లో ఇంకిన నీలం ఎంత తోమినా పోదు. రిపోర్టులో గొట్టం నంబరు ఉంటుంది, కొలిచినవాడి పేరుండదు. దానికాయనకు చింత లేదు.

"బాబాయ్! పాప ఏదో మింగేసింది!"

ఉమ పరుగెత్తుకొచ్చింది. శ్రీకాకుళం వైపు పిల్ల. మొగుడు ఎదుటి కాలేజీలో గార్డు. చంకలో ఉన్న పాప హాసిని మూతి నిండా నీలం. యెషయా పాప పిడికిలి విప్పాడు. ఆయన సంచిలోంచి జారిన సుద్దముక్క, రెండు పళ్ల గాట్లతో, మొత్తంగానే ఉంది.

"రుచి చూసిందంతే. మా శాఖలో చేరుతుందేమో."

ఉమ నవ్వలేదు. పాప నోరు కడిగింది, మళ్లీ కడిగింది.

"ఈసారీ నీళ్లు దిగితే మా ఆయన మమ్మల్ని ఊరికి పంపేస్తానంటన్నాడు బాబాయ్. బోరింగు నలభైసార్లు కొడితేగానీ బిందె తడవట్లేదు. అక్కడికెళ్తే పాప నాన్నని మర్చిపోదూ?"

రెండేళ్ల కిందట ఆయన "పంతొమ్మిది" అంటే, అంతకుముందు పదిహేడు కదా, పెరిగిందని సందంతా చక్కెర పంచింది ఉమ. అది లోతని, అంకె పెరిగితే నీళ్లు దిగినట్టని తెలిశాక ఏడ్చేసింది. కిందటేడు ఇరవై మూడు. వెనక కడుతున్న అపార్ట్‌మెంట్లవాళ్లు అనుమతి లేని బోరుతో తోడుతున్నారు. వాళ్ల మనిషి వచ్చి, "ఇరవై రాసేయండి అంకుల్, కౌన్ దేఖ్తా హై, ఎవరు చూస్తారు?" అన్నాడు. యెషయా టేపు మళ్లీ దించి, ఇరవై మూడే రాశాడు. ఆ కాగితం పట్టుకునే జిల్లా అధికారులొచ్చి బోరుకు సీలు వేశారు.

ఆ తర్వాత వానలయ్యాక ఇదే మొదటి కొలత. టేపు దించాడు. ఇరవై నాలుగో మీటరు గీతను గొట్టం అంచుకు ఆనించి, పైకి చుట్టాడు. కిందనుంచి రెండు మీటర్ల అరవై సెంటీమీటర్ల దాకా సుద్ద తడిసి ముదురు రంగు తిరిగింది. ఇరవై నాలుగులోంచి అది తీసేస్తే ఇరవై ఒకటి నలభై. మళ్లీ దించాడు. అంతే.

"స్తోత్రం," అన్నాడు.

"నీళ్లు దిగినా స్తోత్రమే అంటారు మీరు!"

"నిజం తెలిసినందుకమ్మా. ఇంట్లో చక్కెర ఉందా?"

ఉమకు అర్థమవడానికి క్షణం పట్టింది. "అంకె తగ్గిందా? నిజంగా తగ్గిందా?"

గుప్పెడు చక్కెర తెచ్చి మొదట ఆయన చేతిలోనే పోసింది. ముప్పై ఏళ్లలో ఆయన కొలతకు తీపి పెట్టినవాళ్లు లేరు. బోరింగు నీళ్లు చెంబెడు తాగి, పాప తల నిమిరి, బస్సెక్కాడు.

కిటికీ పక్క సీటు. నాలుక మీద ఇంకా తీపి. కళ్లు మూసుకున్నాడు.

చివరి స్టాపులో కండక్టర్ "అంకుల్, ఉతరియే" అని, దిగమంటూ భుజం తట్టాడు. మళ్లీ తట్టాడు. గుండె ఎక్కడ ఆగిందో పక్కసీటాయనకూ తెలియలేదు. ఒళ్లోని పుస్తకంలో ఇరవై ఒకటి నలభై, రెండుసార్లు రాసి ఉంది.

ఆయన మరిచి వెళ్లాడని, మళ్లీ వచ్చినప్పుడు ఇచ్చేద్దామని, పాపకు అందకుండా ఉమ వంటింటి పైఅరలో పెట్టిన సుద్దముక్క, రెండు పళ్ల గాట్లతో, అక్కడే ఉంది.