పసుపంటిన బాండు పేపరు

కాలేజీ గుమస్తా రాజేశ్వర్ రావు ఆ కాగితాన్ని కిటికీ వెలుతురుకు ఎత్తిపట్టి చూశాడు. తిప్పి ఇంకోసారి చూశాడు. తర్వాత ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు.

"ఇదేందమ్మా?"

"బాండు సార్," అంది శారద.

"బాండని నాకెరుకే. ఇదేంది అంటున్న." కాగితం మూల మీద వేలు పెట్టి తీసి చూపించాడు. వేలు పచ్చగా ఉంది.

శారద వంగి చూసింది. స్టాంపు కాగితానికి నాలుగు మూలలా పసుపు. పొడి పసుపు కూడా కాదు, తడిపి అద్దిన ముద్ద. పైమూల ముద్ద కిందికి పాకి సర్కారు ముద్రను సగం మింగేసింది. నడిమధ్యన ఎర్రసిరాతో 'శ్రీ', దాని కింద చెరోపక్కా 'శుభం', 'లాభం'. అడుగున జామీనుదారు పాండురంగం సంతకం మాత్రం నిక్షేపంగా ఉంది.

"పెండ్లి పత్రిక అనుకున్నరా?" అన్నాడు రాజేశ్వర్ రావు. "ఇది హైదరాబాదు పోతది. ఈ పచ్చటిదేందని ఆడ పెద్దసారు అడిగితే నేనేం చెప్పాలె? కొట్టివేతలు, మరకలు ఉండొద్దని ఫారం మీదనే ఉన్నది. చదువలేదా?"

చదివింది. ఇరవైసార్లు చదివింది. చేయనిది ఒక్కటే. పొద్దున పాండురంగం సేటు కవరులో పెట్టి ఇచ్చిన కాగితాన్ని విప్పి చూడలేదు.

గోడ గడియారంలో పదకొండుంబావు.

"వేరేది రాసి తెస్త సార్."

"తే. నేనేం వద్దంటలేను. కాని ఇయ్యాల శనివారం, రెండింటికి కౌంటరు బంద్. ఇయ్యాల్నే ఆఖరు తారీఖు. రెండు దాటితే నీ పేరు కొట్టేసి కింది పేరు రాస్త. ఆ పిలగాని నాయిన నిన్నటిసంది అగో, ఆ బెంచీ మీదనే కూసున్నడు."

శారద తిరిగి చూసింది. బెంచీ మీద ఒక పెద్దాయన మోకాళ్ల మధ్య గొడుగు పెట్టుకుని కూర్చున్నాడు. ఆమె కళ్లలోకి చూడలేక గడియారం వైపు చూశాడు.

అది పంతొమ్మిదివందల అరవై నాలుగు. మంచి మార్కులు తెచ్చుకున్న లేనివాళ్ల పిల్లలకు సర్కారు వడ్డీ లేకుండా అప్పిచ్చి చదివిస్తుందన్న మాట వరంగల్లుకు ఇంకా కొత్త. ఉద్యోగం వచ్చాక తిరిగి కట్టాలి. కట్టకపోతే కడతానని ఆస్తి ఉన్నవాళ్లెవరైనా బాండు మీద సంతకం పెట్టాలి. శారదకు డాక్టరీలో సీటు వచ్చింది. తండ్రి లేడు. తల్లి చిలుకమ్మ మండిబజారులో పాండురంగం సేటు బియ్యం దుకాణంలో చాట పట్టుకుని చెరిగే మనిషి. అప్పు రాకపోతే సీటు లేదు. సీటు పోతే ఇంట్లో ఇంకో చాట సిద్ధంగానే ఉంది.

పాండురంగం పుట్టి యాభై ఐదేళ్లలో ఎవరికీ జామీను ఉండలేదు. మూడుసార్లు కాదన్నాడు. నాలుగోసారి చిలుకమ్మే వెళ్లి నిలబడింది. "సేటూ, ఇరువై ఏండ్ల సంది నీ బియ్యం చెరుగుతాన. ఎన్నడన్న నా చాట దాటి ఒక్క రాయి పోయిందా?" అని అడిగింది. సేటు చాలాసేపు ఆలోచించి, మంచిరోజు చూసి సంతకం పెడతానని కాగితం ఇంటికి తీసుకుపోయాడు. మంచిరోజు దొరికింది. లక్ష్మీదేవి పటం ముందు పెట్టి, కొత్త చోపడా లెక్కల పుస్తకానికి దీపావళినాడు ఏమేం చేస్తాడో అన్నీ చేశాడు. ఒక్కటీ వదల్లేదు.

శారద మెట్లు దిగలేదు, దూకింది.

బయట కొమురెల్లి రిక్షా హ్యాండిల్ మీద మోచేయి ఆనించి బీడీ కాలుస్తున్నాడు. వాళ్ల వాడకట్టు మనిషే. బాండు ఇచ్చాక చౌరస్తాలో మిఠాయి తినిపిస్తానంటే కిరాయి మాట ఎత్తకుండా తెచ్చాడు.

"అయిపాయెనా చెల్లె?"

"కాలేదన్నా. హనుమకొండ తహసీలు కాడికి పోనియ్యి. స్టాంపులాయన పన్నెండింటికి లేస్తడు."

కొమురెల్లి బీడీ పారేసి ఎక్కాడు. సంగతేమిటని దారిలో అడిగాడు. విని కొంతసేపు తొక్కాడు.

"పసుపు మంచిదే గద," అన్నాడు.

"మంచిదే. సర్కారుకు పడదట."

"మనకు మంచిదేదీ దానికి పడదు తియ్యి," అంటూ కొమురెల్లి సీటు మీంచి లేచి నిలబడి తొక్కడం మొదలుపెట్టాడు.

తహసీలు ఆఫీసు చింతచెట్టు కింద స్టాంపు వెండరు రేకు పెట్టె మూస్తున్నాడు. శారద పరుగున వచ్చి మూతకూ పెట్టెకూ మధ్య చెయ్యి పెట్టింది.

"చెయ్యి తియ్యి బిడ్డా, నలుగుతది. సోమవారం రా."

"నలిగితే నలుగుతది. కాగితం ఇయ్యి. సోమవారం నాకు లేదు."

వెండరు ఆమె మొహం చూశాడు. పెట్టెలో ఉన్న చెయ్యి చూశాడు. గొణుక్కుంటూ పద్దు పుస్తకం మళ్లీ తీశాడు. పక్కనే అర్జీలు టైపు కొట్టేవాడు మిషను మీద గుడ్డ కప్పుతూ, గంట పడుతుంది, రెండు రూపాయలవుతుంది అన్నాడు. శారద దగ్గర గంటా లేదు, కాగితం కొన్నాక రెండు రూపాయలూ లేవు. ఫారం మీద టైపు చేయాలని ఎక్కడా లేదు. స్పష్టంగా ఉండాలని మాత్రం ఉంది.

ఆఫీసు వరండాలో బోర్లించిన చెక్కపెట్టె మీద కాగితం పరిచింది. నలభై వరసల ఇంగ్లీషు. పసుపంటిన పాత బాండు పక్కన పెట్టుకుంది కానీ చూడాల్సిన పని పడలేదు. మూడు వారాలుగా అదే ఆమె పాఠం. భయమల్లా పెన్నుతోనే. అది సిరా కక్కే రకం. వరసకోసారి పాళీని ఓణీ అంచుకు తుడిచి, ఊపిరి బిగబట్టి, తర్వాతి వరస. ఒక్క చుక్క పడితే అన్నీ అయిపోయినట్టే. వెనక కొమురెల్లి నిలబడి తన తువ్వాలతో ఈగలు తోలాడు. ఈగ కూడా మరకేనని వాడి భయం.

చివరి వరస పూర్తయ్యేసరికి ఓణీ అంచు నీలమైపోయింది. కాగితం మల్లెపువ్వులా ఉంది. పన్నెండున్నర.

కొమురెల్లి రిక్షా సీటు ఎత్తి, కింద పనిముట్లు పెట్టుకునే డబ్బాలోంచి రెంచీలు తీసి కాళ్ల దగ్గర పడేసి, తువ్వాల పరిచి కాగితం అందులో పెట్టించాడు. శారద సీటు మీద ఎక్కి కూర్చుంది. తను లేస్తే తప్ప ఇక ఆ కాగితం ఎవరికీ దొరకదు.

ములుగు రోడ్డు దాటి వచ్చిన దారినే మళ్లీ పోవాలి. కాలేజీ గేటు ముందునుంచే పోవాలి. శారద అటు చూడకుండా ఉండాలనుకుంది. చూసింది. కిటికీలో రాజేశ్వర్ రావు బట్టతల కనిపించింది.

ఒంటిగంటకు పది నిమిషాలుందనగా రిక్షా మండిబజారులో బస్తాల మధ్య ఆగింది. పాండురంగం గద్దె మీద కూర్చుని బియ్యం గింజలు కొరికి చూస్తున్నాడు. చిలుకమ్మ చాట దించి లేచింది.

"ఇచ్చినవా బిడ్డా?" అన్నాడు సేటు.

"తీసుకోలేదు సేటూ. పసుపు ఉండొద్దట. మళ్ల రాసుకొచ్చిన. జర జల్ది దస్కతు పెట్టు, రెండింటికి బందు చేస్తడు."

 చిలుకమ్మ ఎడమ బొటనవేలు కొంగుకు తుడిచి, సిరా అద్ది, కూతురు చూపించిన చోట వేలిముద్ర వేసింది. ఇరవై ఏళ్లు చాట పట్టిన వేలు, గీతలన్నీ అరిగిపోయాయి. అయినా ముద్ర బాగానే పడింది.

పాండురంగం కలం తీసుకున్నాడు. కాగితం వైపు వంగాడు. ఆగిపోయాడు.

"పసుపు గిన్నె ఇటు తే చిలుకమ్మా."

"అదే వద్దంటాండు సేటూ," అంది శారద.

"కొంచెమే. ఎనుకదిక్కు పెడ్త, కనపడదు."

"వాసన చూస్తాండు."

సేటు కలం కింద పెట్టేశాడు. శారదకు అరికాళ్లలో మంట పుట్టింది. ఇరవై రకాల కోపం మాటలు నోటిదాకా వచ్చాయి. కానీ సేటు మొహంలో మొండితనం లేదు. ఇంకేదో ఉంది.

"మా ఇంటికి పసుపు లేని కాగితం ఎప్పుడొస్తదో ఎరుకేనా?" అన్నాడు మెల్లగా. "ఎవలన్న పోతేనే వస్తది. మా నాయిన పోయినప్పుడు నేనే రాసిన, ముప్పై రెండు కార్డులు. గంతే, మళ్ల ఉత్త కాగితం మీద నా పేరు రాయలే. పైసలు పోతె నాకు ఫికర్ లేదు బిడ్డా. నువ్వు ఆడపిల్లవు, పీనుగులను కోసే సదువుకు పోతానవ్. నీ పేరు పక్కన నా పేరు అట్ల రాస్తనా? నాతోని కాదు."

దుకాణంలో గడియారం ఒంటిగంట కొట్టింది. కొమురెల్లి బయట బెల్లు కొట్టాడు.

చిలుకమ్మ చేతిలో పసుపు గిన్నె అలాగే ఉంది. ఎవరికివ్వాలో ఆమెకు తెలియలేదు.

శారద ఆ గిన్నె చూసింది, తర్వాత సేటును చూసింది.

"సేటూ, నువ్వు జామీను ఉండేది కాగితానికా, నాకా?"

"నీకే."

"అట్లయితే పసుపు నాకు పెట్టు."

బియ్యం చెరిగే ఆడవాళ్ల చాటలన్నీ ఒక్కసారి ఆగాయి. పాండురంగం ఆ మాటను గింజ కొరికి చూసినట్టు లోపలే కొరికి చూసుకున్నాడు. వ్యాపారి కదా, లెక్క తప్పనివ్వడు.

"నాలుగు మూలలుండాలె," అన్నాడు.

శారద నొసలు చూపింది, రెండు చెంపలు చూపింది, గదువ చూపింది.

"శ్రీ యాడ రాయాలె?"

ఎడమ అరచెయ్యి చాపింది. సేటు గద్దె దిగి వచ్చాడు. వేలు ముంచి నాలుగు చోట్లా పసుపు అద్దాడు, కరువు తీరా అద్దాడు. ఎర్రసిరా కలంతో అరచేతిలో శ్రీ రాసి, కింద చెరోపక్కా శుభం, లాభం రాశాడు. చక్కిలిగింతలు పెట్టినా శారద చెయ్యి కదపలేదు. అప్పుడు చేతులు కడుక్కుని, తుడుచుకుని, మళ్లీ తుడుచుకుని, ఉత్త తెల్ల కాగితం మీద పాండురంగం తన పేరు రాశాడు.  ఒక్క అక్షరం వంకర పోలేదు.

"ఇగ పో," అన్నాడు. "పోరి ఇంకా ఈడనే నిలబడ్డది, చూడు."

కాగితం మళ్లీ సీటు కింది డబ్బాలోకి పోయింది. ఒంటిగంటా పదిహేను.

పెద్ద దవాఖాన దగ్గర వాన అందుకుంది. చినుకులు కాదు, కుండపోత. ముందు చక్రం కూడా కనిపించడం లేదు. ఎత్తు ఎక్కే చోట గొలుసు ఊడింది. కొమురెల్లి దిగి, నోట్లో తిట్టుకుంటూ, పళ్లచక్రానికి గొలుసు ఎక్కిస్తుంటే రెండుసార్లు జారింది. మూడోసారి పట్టింది.

"దిగకు చెల్లె, కాగితం తడుస్తది."

"సీటు మూసే ఉంది గదన్నా," అని శారద దూకి, వెనకనుంచి రెండు చేతులతో తోయడం మొదలుపెట్టింది. అరచేతిలో శ్రీ ఏమవుతుందోనని ఒక్కక్షణం అనిపించింది. పిడికిలి బిగించి భుజంతో తోసింది. ఎత్తు ఎక్కారు. గేటు కనిపించింది.

కౌంటరు కిటికీ సగం మూసి ఉంది. రెండింటికి నాలుగు నిమిషాలు. రాజేశ్వర్ రావు కలం జేబులో పెట్టుకుంటున్నాడు. బెంచీ మీద పెద్దాయన లేచి నిలబడ్డాడు.

"సార్." అంతకుమించి ఊపిరి లేదు. తువ్వాల అంచుకు చేతులు తుడుచుకుని, మడతలోంచి కాగితం తీసి బల్ల మీద పెట్టింది.

గుమస్తా కలం తీయలేదు. ముందు మూలలు చూశాడు. వెనక్కి తిప్పాడు. మొదటి వరసనుంచి చదవడం మొదలుపెట్టాడు, వేలు పెట్టి, వరస వరసా. వేలిముద్ర చూశాడు. జామీనుదారు సంతకం చూశాడు. వంగి వాసన చూశాడు.

"ఏం లేదే," అని తలెత్తి, మొట్టమొదటిసారి ఆమె మొహం చూశాడు.

వాననీళ్లకు పసుపంతా కరిగి చెంపలమీదుగా కారుతోంది. గదువ కింద పచ్చని చుక్క ఒకటి లావెక్కి ఊగుతోంది. సరిగ్గా దాని కింద, బల్లమీద, తెల్లగా, బాండు.

ఇద్దరూ ఒకేసారి చూశారు. రాజేశ్వర్ రావు కాగితం లాగబోయాడు. అంతకుముందే శారద ఎడమచెయ్యి చుక్క కిందికి వచ్చింది. చుక్క అరచేతిలో పడింది, అలికిపోయిన శ్రీ మీద.



రాజేశ్వర్ రావు కాగితాన్ని బల్ల అవతలి కొసకు జరిపి, ముద్ర తీసి, సిరాకు అద్ది, గట్టిగా కొట్టాడు. నంబరు వేశాడు. పదిహేడు.

బెంచీ దగ్గర పెద్దాయన గొడుగు విప్పుకుంటూ ఆగాడు. "ఏం సదువు బిడ్డా?"

"డాక్టరీ."

"మంచిది," అన్నాడు. గొడుగెత్తి వానలోకి దిగాడు. ఆ వీపు గేటు దాటేదాకా శారద చూస్తూ ఉండిపోయింది.

"ఇదిగో రసీదు," అన్నాడు గుమస్తా.

శారద చెయ్యి చాపి, పచ్చటి వేళ్లు చూసుకుని, గబుక్కున వెనక్కి తీసుకుంది.

"తీసుకోమ్మా," అన్నాడు రాజేశ్వర్ రావు, కిటికీ మూస్తూ. "అది హైదరాబాదు పోదు. నీదే. నీ ఇష్టమొచ్చినన్ని మూలలకు పెట్టుకో."

ఆమె అక్కడే, మూసిన కిటికీ ముందు నిలబడి, బొటనవేలు చెంపకు అద్దుకుని రసీదుకు నాలుగు మూలలా పెట్టింది. ఒక్కటీ వదల్లేదు.