ఖాళీ చొక్కాచెయ్యి తిప్పిన రాకెట్

పొద్దున్నే మేనత్త, టర్నరు చెల్లెలు, కుట్టుమిషను బాబిన్లు దోసిట్లో పోసుకుని పక్క వాటాలోంచి వచ్చేది. టీ ఇంకా పొయ్యి మీదే ఉండేది. టర్నరు బల్ల ముందు కూర్చుని తన కుడి చొక్కాచేతిని, లోపల చెయ్యి లేని ఆ చొక్కాచేతిని, బల్ల మీద పరిచేవాడు. అత్త ఒక బాబిన్‌ని దాని పక్కన నిలబెట్టి దారం కొస తగిలించేది. బాబిన్ దానంతటదే తిరిగేది. దారం పొర మీద పొర చుట్టుకునేది.

"నిన్నటి నల్లదారం వదులుగా వచ్చింది అన్నయ్యా."

"నిన్నంతా తుమ్ములే."

ఆ వీధిలో దీన్ని వింతగా చెప్పుకున్నవాళ్ళు లేరు. బతుకంతా లేత్ మిషను మీద ఇనుము తిప్పిన చెయ్యి అది. మిషను చేతిని తీసుకుంది, తిప్పడాన్ని తీసుకోలేకపోయింది, అంతే. సైకిల్ షాపతను వంకర పోయిన చక్రాలు తెచ్చేవాడు. కరెంటు పోయిన రోజు పక్కింటావిడ ఏకంగా ఫ్యానే విప్పించుకుని వచ్చింది.

జాగ్రత్త ఒకటే. తిరుగుతున్నదాన్ని వట్టి చేత్తో పట్టుకోకూడదు. ఇస్త్రీపెట్టెలో వేడి మిగిలినట్టు తిరుగుడు వస్తువులో మిగిలి ఉంటుంది, ముట్టుకున్నవాళ్ళలోకి దిగుతుంది. మసిగుడ్డతో పట్టుకుంటే ఫరవాలేదు. ఒకసారి అత్త తొందరపడి తిరిగే బాబిన్‌ని లాక్కుంది. వంట పూర్తయ్యేదాకా ఆవిడ గిరగిరా తిరుగుతూనే ఉంది. "ఉప్పు డబ్బా అటు పెట్టండర్రా, వచ్చే చుట్టులో అందుకుంటా" అని కేకలేస్తూనే వండి దించింది.

టర్నరు కూతుర్ని అందరూ అగ్గిపుల్ల అనేవాళ్ళు. మనిషి సన్నం, తల వేడి. గ్రంథాలయంలో పుస్తకాలు సర్దే ఉద్యోగం ఆమెది. సర్దేముందు చదివేది. చదివింది ఇంటికొచ్చి తండ్రి మీద ప్రయోగించేది. ఆమె బస్సు ఫ్యాక్టరీ గేటు ముందు ఆగేది. ఆగిన చోట, సరిగ్గా ఆమె కిటికీ ఎత్తున, భద్రతా బోర్డు. దాని మీద తండ్రి ఫొటో. గుర్తింపు కార్డు కోసం తీసినది, పెద్దది చేసి అద్దం బిగించారు. ఫొటోలో నవ్వుతుంటాడు. కింద ఎర్రక్షరాలతో: 'అజాగ్రత్త ఫలితం. ఇతనిలా కావద్దు.'

అజాగ్రత్త ఎవరిది? లేత్‌లకి ఉండాల్సిన రక్షణ మూతలు పనికి అడ్డమని, మాటిమాటికీ ఎత్తాల్సి వస్తే సరుకు ఆలస్యమవుతోందని, వరసంతా పీకించింది మేనేజరు. చెయ్యి పోయిన మర్నాడే మూతలన్నీ మళ్ళీ బిగించారు. విచారణలో మేనేజరు "మూత అతనే తీసుకున్నాడు" అన్నాడు. పక్క మిషన్ల వాళ్ళు టీ గ్లాసుల్లోకి చూస్తూ కూర్చున్నారు. ఇనుముకి ఆకలి ఉండదు. ఆకలి ఎప్పుడూ ఇనుము వెనక నిలబడ్డ మనిషిది.

అప్పట్నించీ టర్నరు ఆ దారి తొక్కలేదు. క్షవరానికి కూడా ఊరు చుట్టి వెళ్ళేవాడు. అగ్గిపుల్లకి బతుకులో ఒకే కోరిక మిగిలింది. ఆ ఫొటో బోర్డు మీంచి దిగాలి. పెట్టినవాడి చేత్తోనే దిగాలి.

భద్రతా వారోత్సవాలకి ఫ్యాక్టరీ నించి ఇంటింటికీ ఒక పెట్టె వచ్చింది. లోపల రాకెట్ బొమ్మ తయారుచేసుకునే సరంజామా: అట్ట గొట్టం, ప్లాస్టిక్ ముక్కు, తేలిక చెక్క రెక్కలు, చిన్న పారాచూట్, మందు కూరిన ఇంజను. రెక్కల్ని కాస్త ఏటవాలుగా అతికిస్తే రాకెట్ తన చుట్టూ తాను తిరుగుతూ సూటిగా పైకి పోతుందట. పెట్టె మీద మేనేజరు మాట అచ్చు వేశారు: 'మనమంతా ఒకే కుటుంబం.'

"కుటుంబంలో ఎవరి చెయ్యి పోతే వాళ్ళ ఫొటో గుమ్మానికి కడతారా?" అంది అగ్గిపుల్ల పెట్టె చింపుతూ. "ముందుకి వంచి వదిలానంటే సూటిగా ఆయన బోడిగుండు మీదే దిగుతుంది."

"దిగితే ఆ బోర్డు మీద నా పక్కన నీ ఫొటో," అన్నాడు తండ్రి. "తండ్రీ కూతుళ్ళం చూడ్డానికి బాగుంటాం."

"నవ్వకు నాన్నా. నోరుమూసుకున్న ప్రతివాడూ దోపిడీదారుకి కాపలా కాస్తున్నట్టే."

"ఇది ఏ పుస్తకంలోది?"

"ఏదైతేనేం?"

"బాగుంది. టీలో పంచదార మర్చిపోయావు."

ఇంకో దారి ఉంది. వారోత్సవాల పోటీలో రాకెట్‌ని అందరికంటే ఎత్తుకి ఎగరేసినవాళ్ళని వేదిక ఎక్కించి, భద్రత గురించి నాలుగు మాటలు చెప్పమని మైకు ఇస్తారు. ఏటా అదే పద్ధతి. కుటుంబాలన్నీ మైదానంలో ఉంటాయి. మైకు చేతికొస్తే చాలు.

ఆమె గొట్టానికి కొలత కాగితం చుట్టి రెక్కల చోట్లు గీసింది. రెక్కల అంచులు గరుకు కాగితంతో నున్నగా రుద్దింది. రుద్దుతున్నంతసేపూ వేదిక మీద ఏం చెప్పాలో పైకే అనుకుంటూ ఉంది. జిగురు ఆరాక తండ్రికి చూపించింది.

"ఇవి ఎడమకి వాలాయేంటే?"

ఆమె పెట్టె మీది బొమ్మ పక్కన పెట్టి చూసుకుంది. కోపంలో కొలత కాగితాన్ని తిరగేసి చుట్టింది. రెక్కలన్నీ అద్దంలో చూసినట్టు అటువి ఇటు వచ్చాయి. పీకితే గొట్టం చిరుగుతుంది.

"పోనీలే, ఎడమకే తిరుగుతుంది," అంది. "నువ్వు మాత్రం దీన్ని ముట్టుకోకు. నీది ఎప్పుడూ కుడి తిరుగుడు. గాల్లో రెక్కలు ఒకవైపు, నువ్వొకవైపు లాగితే అసలు తిరగదు. తిరక్కపోతే తూలి పడుతుంది."

"సరే."

సాయంత్రం ఉద్యోగం నించి వచ్చేసరికి రాకెట్ బల్ల మీద నిటారుగా, చొక్కాచేతికి ఆనుకుని, గిర్రున తిరుగుతోంది. ఆ వేగానికి గొట్టం మీద తను వేసిన ఎర్రచార కనపడకుండా పోయింది. పొద్దున్నించీ అక్కడే ఉందట. బాబిన్లు కూడా చుట్టలేదట.

"నాన్నా! ముట్టుకోవద్దన్నానా లేదా?"

"అన్నావు."

"నన్ను ఓడించాలనా?"

టర్నరు ముఖంలో నవ్వు లేదు. ఆ మనిషి నవ్వు లేకుండా కనపడటం ఆమెకి కొత్త. "గెలిస్తే ఏమవుతుంది? నువ్వు మైకులో అరుస్తావు. వాళ్ళు మైకు తీసేస్తారు. మర్నాడు బస్సు మళ్ళీ అక్కడే ఆగుతుంది." రాకెట్ పక్కనించి చొక్కాచెయ్యి తీశాడు. "ఎగరెయ్ తల్లీ. మసిగుడ్డతో పట్టుకెళ్ళు."

పోటీ రోజు మైదానంలో మూడు చువ్వల మధ్య నిలబెట్టగానే రాకెట్ నిశ్శబ్దంగా తిరగసాగింది. "టర్నరు గారిదా?" అని పక్కవాళ్ళు తమ పిల్లల్ని కాస్త దూరం జరిపారు. వేదిక మీద మేనేజరు ప్రతి రాకెట్‌కీ ఒకేలా నవ్వుతున్నాడు. ఆయన ఎప్పుడూ ఆ వీధికి రాలేదు. చెయ్యి పోయినవాడి ఇల్లు ఎలా ఉందో కనుక్కోలేదు. అందుకే ఆయనకి ఏమీ తెలీదు.

ఇంజను అంటుకుంది. రాకెట్ చువ్వలు దాటిందో లేదో రెక్కలు ఎడమకి లాగాయి, లోపలి తిరుగుడు కుడికి లాగింది. రాకెట్ బిగుసుకుపోయింది. తిరగడం మానేసి తాగినవాడిలా తూలి, పెద్ద ఎత్తేమీ పోకుండానే పక్కకి వాలింది. "అయ్యో అగ్గిపుల్లా!" అంది అత్త. మైకు పోయింది. ఫొటో ఇంకో ఏడాది అక్కడే నవ్వుతుంది.

పారాచూట్ విచ్చుకుంది. వేగం తగ్గాక రెక్కలకి పట్టు పోయింది. అప్పుడు రాకెట్ మెల్లగా, కుడికి, తిరగడం మొదలెట్టింది. గాలి దాన్ని వేదిక వైపు నెట్టింది.

ఫొటోగ్రాఫర్ కెమెరా ఎత్తాడు. మేనేజరుకి అంతకంటే ఏం కావాలి? రెండు చేతులూ చాచాడు. "చూశారా! మన టర్నరు ఇంటి రాకెట్ కూడా నా చేతుల్లోకే వచ్చింది. మనమంతా ఒకే..."

పట్టుకున్నాడు. రాకెట్ ఆగింది. ముందు ఆయన కుడి బూటు జరిగింది. తర్వాత ఎడమది. మాట్లాడుతూనే జనానికి వీపు పెట్టాడు, మళ్ళీ ముఖం పెట్టాడు, మళ్ళీ వీపు. మైకు తీగ ఒంటికి చుట్టుకుంటూ పోయింది. ఎవరూ అరవలేదు. ఎవరో వచ్చి తీగ ఊడదీశారు. ఆయన కాలికి తగలకుండా భార్య కుర్చీ పక్కకి తీసింది.

ఆ తిరుగుడు తగ్గలేదు. సంతకం పెట్టబోతే కాగితం వెనక్కి పోయేది. కారెక్కాలంటే తలుపు ఎదురొచ్చినప్పుడు దూకాలి. పై అధికారులు వచ్చినప్పుడు సగం సంజాయిషీ గోడకి చెప్పుకున్నాడు. చివరికి ఒక సాయంత్రం టర్నరు గుమ్మం ముందుకొచ్చాడు. ఒకప్పుడు "ఒరేయ్ టర్నరూ" అన్న నోరే అది.

"టర్నరు గారూ, ఆపండి. మీకు దణ్ణం పెడతా." దణ్ణం వీధి మొత్తానికీ అందింది.

"గేటు దగ్గర నిలబడి జరిగింది చెప్పండి," అంది అగ్గిపుల్ల.

"చెబితే ఆగుతుందా?"

ఆమె తండ్రి వైపు చూసింది. టర్నరు టీ ఊదుకుంటున్నాడు. "ముందు చెప్పండి," అంది ఆమె.

షిఫ్టు మారే వేళ ఆయన బోర్డు కింద నిలబడి చెప్పాడు. "మూతలు పీకించింది నేను. అతను వద్దన్నాడు. నేను అబద్ధమాడాను." తిరుగుతుండటం వల్ల ఒక్కోవైపు ఒక్కో ముక్కే వినపడింది. "ఇటు వినపడలేదండీ!" అని అరిచారు. మళ్ళీ చెప్పాడు. టీ గ్లాసుల్లోకి చూసినవాళ్ళు ఈసారి తలెత్తి చూశారు. బస్సు డ్రైవరు ఇంజను ఆపి విన్నాడు. తర్వాత మేనేజరు తన చేత్తోనే, చుట్టుకొక మేకు చొప్పున, ఫొటో ఊడదీశాడు. ఆ వారమే ఉద్యోగం పోయింది.

ఫొటో పట్టుకుని మళ్ళీ వచ్చాడు. ఇంకా తిరుగుతూనే ఉన్నాడు.

"చెప్పానుగా! అందరి ముందూ చెప్పాను! ఇంకా ఆగదేంటండీ?"

టర్నరు ఎడంచేత్తో ఫొటో అందుకున్నాడు. అద్దం మీది దుమ్ము చొక్కాకి తుడిచాడు.

"మీరు నిజం చెప్పారు," అన్నాడు. "నా చెయ్యి వచ్చిందా?"

మేనేజరు నోరు తెరిచాడు. ఏమనబోయాడో గానీ అప్పటికి ముఖం అటు తిరిగిపోయింది. తిరుగుతూనే వీధి దిగి వెళ్ళాడు. జనం సైకిళ్ళు పక్కకి తీశారు. "కాలవ ఉంది, చూసుకోండి" అని ఎవరో హెచ్చరించారు.

ఆయన మలుపు దాటేదాకా అగ్గిపుల్ల గుమ్మంలోంచి చూసింది.

"నాన్నా, నిజంగా ఆపడం నీ వల్ల కాదా?"

టర్నరు ఫొటోని గోడవైపు తిప్పి ఆనించాడు.

"ఎందుకు కాదు?" అన్నాడు. "వాన వచ్చేలా ఉంది. తలుపేసి రా."