గొట్టం లేని గన్ను

నిరుడు అక్టోబర్ ఐదు, ఆదివారం. ఆ రోజు మా బావమరిది కృష్ణప్రసాద్ ఇంట్లో నిమ్మకాయ పులిహోర, గారెలు, చక్కెర పొంగలి తిన్నాను. దసరా వెళ్లిపోయి అప్పటికి మూడు రోజులు. సింగపూర్‌లో దేవుళ్లు కూడా ఆదివారం దాకా ఆగుతారు.

పాసిర్ రిస్‌లోని ఆ ఫ్లాట్‌లో ఆయుధపూజ. పీట మీద బావమరిది భార్య సూర్యకుమారి కత్తిపీట, కూతురు నిఖిల కంపాస్ పెట్టె, వాటన్నిటికంటే ఎత్తులో కృష్ణప్రసాద్ లాప్‌టాప్. దానికి బొట్టు పెట్టి, చేమంతి పెట్టి, కళ్లు మూసుకుని హారతి ఇచ్చాడు. తప్పు లేదు, అతనికి అది ఆయుధశాలే. అమెరికాలో ఏ ఊళ్లో తుపాకి కొట్టు ఎక్కడుందో చూపించే వెబ్‌సైట్ నడుపుతాడు. కొట్టు పేరు, వెళ్లే దారి, తెరిచి ఉండే వేళలు. డబ్బు కట్టిన కొట్టు పైన కనిపిస్తుంది, కట్టనిది అడుగున.

ఆ ఊళ్లలో ఒక్కటీ అతను చూడలేదు. తుపాకి ముట్టుకోలేదు. నిఖిల పుట్టినరోజున బెలూన్ పేలితే చెవులు మూసుకుని వంటింట్లోకి వెళ్లిన మనిషి. తుపాకి దొరికితే జైల్లో వేసే దేశంలో చల్లగా ఏసీ కింద కూర్చుని, ఎక్కడి వాడికో తుపాకి దాకా దారి చూపిస్తాడు. "మనం అమ్మం బావగారూ, అడ్రస్ చెప్తాం, అంతే" అంటాడు. ఆ మాట అంటున్నప్పుడు అతని ముఖం అప్పుడే స్నానం చేసి వచ్చినట్టు తేటగా ఉంటుంది. నాకు ఆ తేటదనమే అసహ్యం.

ఆ పూజకి ఉపేంద్రని తీసుకెళ్లింది నేనే. టెక్కలి దగ్గరి వాడు, షిప్‌యార్డులో ఓడలకు రంగు కొడతాడు. నా భార్య రాజకుమారి ఉన్నప్పుడు ఆదివారాలు మా ఇంటికి భోజనానికి వచ్చేవాడు. ఆమె పోయాక కూడా రావడం మానలేదు. ఇప్పుడు అతను వండుతాడు, నేను తింటాను.

"ఏమోయ్, నీ ఆయుధం తెచ్చావా?" అన్నాడు కృష్ణప్రసాద్.

"తెచ్చినాను సార్. గన్ను."

అందరూ గొల్లుమన్నారు. ఉపేంద్ర సంచిలోంచి రంగు కొట్టే స్ప్రే గన్ తీశాడు. యార్డులో దాన్ని గన్ననే అంటారు. పాతబడిందని ఫోర్‌మన్ అతనికి ఇచ్చేశాడట. రంగు వచ్చే గొట్టం ఊడదీసి ఉండటంతో అది అచ్చం పిస్తోలులా ఉంది. సూర్యకుమారి దానికి మూడు కుంకుమ బొట్లు పెట్టింది. ఉపేంద్ర దాన్ని రెండు చేతుల్లో పట్టుకుని నిలబడితే కృష్ణప్రసాద్ ఫొటో తీశాడు. పండుగ ఫొటో అనుకున్నాం.

నవంబర్‌లో ఒక శనివారం సాయంత్రం ఉపేంద్ర బుకిట్ బటోక్‌లో మా ఇంటికి వచ్చాడు. వంకాయలు తెచ్చాడు గాని సంచి కింద పెట్టలేదు. ఫోన్ నా చేతికిచ్చాడు. కృష్ణప్రసాద్ వెబ్‌సైట్‌లో ఉపేంద్ర ఫొటో. మూడు తరాలుగా తుపాకులు బాగుచేస్తున్న నిపుణుడని కింద ఇంగ్లీషులో రాసి ఉంది. రక్తం మరకలనుకుంటారని కాబోలు, కుంకుమ బొట్లు చెరిపేశాడు.

"ఎవుడో మా సేఫ్టీ ఆఫీసర్‌కి పంపీసినాడు అంకుల్. ఆయన పిలిసి, ఇది నీ గన్నేనా అని అడిగినాడు. ఔను సార్, నా గన్నే అనీసినాను."

"అయ్యో, ఉపేంద్రా!"

"మరి నాదే కదా! రంగుదని తరవాత సెప్పినాను, ఇనలేదు. ఈ ఫొటో పెట్టినోడు సోమవారం లోపల నాతో మాటాడాల, లేకపోతే పోలీసోలకి సెప్తాను, వర్క్ పర్మిట్ రెన్యూ సెయ్యం అన్నాడు."

అప్పుడే పాసిర్ రిస్ బయల్దేరాం. ట్రైన్‌లో ఒక చైనా ముసలావిడ ఉపేంద్ర ముఖం చూసి, పక్క సీటు మీద పెట్టుకున్న కూరగాయల సంచి తీసి ఒళ్లో పెట్టుకుంది. అతను కూర్చున్నాడు.

కృష్ణప్రసాద్ విషయం విని నవ్వాడు. "ఏమయ్యా, అమెరికాలో ఫేమస్ అయిపోయావు!"

"పేమస్సు వద్దు సార్. పని కావాల."

"తీసేస్తాలే." రెండు నొక్కులు నొక్కాడు. ఫొటో పోయింది. "సరేనా బావగారూ?"

"ఆ ఆఫీసర్‌కి ఫోన్ చెయ్యి."

"ఫోనా? అమ్మో. నా పేరడుగుతాడు, అడ్రస్ అడుగుతాడు. సిటిజన్‌షిప్‌కి అప్లై చేశాం, మీకు తెలుసుగా. ఇప్పుడు నా పేరు ఇలాంటివాటిలో..."

"అడ్రస్ చెప్పడమే కదా ప్రసాదూ, నీ పని?"

"అది వేరు బావగారూ."

"ఏం వేరు?"

ఊళ్లకు ఊళ్ల తుపాకి కొట్ల చిరునామాలు నోటికి వచ్చిన మనిషికి సొంత చిరునామా గొంతులో అడ్డం పడింది. వెబ్‌సైట్ అడుగున అతని పేరు ఎందుకు లేదో నాకు అప్పుడు అర్థమైంది. పిరికితనం చాలామందిలో ఉంటుంది, నాలోనూ ఉంది. దానితో వ్యాపారం చేయవచ్చని మాత్రం ఇతన్ని చూశాకే తెలిసింది.

"పా, జస్ట్ కాల్ హిమ్ లా," అంది నిఖిల సోఫాలోంచి, ఇక్కడి పిల్లల యాసలో. "హిస్ జాబ్, యు నో."

"నువ్వెళ్లి చదువుకో."

"ఆయన ఉజ్జోగం పోదు కదా పాపా, నాదే కదా పోద్ది," అన్నాడు ఉపేంద్ర. అందులో ఎత్తిపొడుపు లేదు. అదే నాకు భరించరానిదిగా ఉంది.

సూర్యకుమారి వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "నంబర్ చెప్పు ఉపేంద్రా," అంది.

"సూర్యా!" అన్నాడు కృష్ణప్రసాద్.

ఆమె అటు చూడలేదు. స్పీకర్ పెట్టి ఇంగ్లీషులో నెమ్మదిగా చెప్పింది. తన పేరు. భర్త పేరు. బ్లాక్ నంబర్, ఇంటి నంబర్, విడివిడిగా, రాసుకునేవాడికి వీలుగా. అది రంగు కొట్టే గన్ అనీ, మా పండుగలో పనిముట్లకు పూజ చేస్తామనీ, ఫొటో తీసి ఆ అబ్బాయికి చెప్పకుండా వాడుకున్నది తన భర్తేననీ చెప్పింది. చెరపని ఫొటో ఆమె ఫోన్‌లో ఉంది. కత్తిపీట, కంపాస్ పెట్టె, కుంకుమ బొట్లు అన్నీ కనిపించే ఆ ఫొటో పంపింది.

తర్వాత ఆఫీసర్ గొంతు. "ఓకే మేడమ్. టెల్ హిమ్, మండే కమ్ టు వర్క్. నెక్స్ట్ టైమ్ డోంట్ సే మై గన్. సే స్ప్రే గన్, కెన్?"

"కెన్ సార్, కెన్!" అని ఉపేంద్ర ఫోన్ వైపు వంగి అరిచాడు. ఇక్కడ సరే అనడానికి అదే మాట. నిఖిల పడీపడీ నవ్వింది.

కృష్ణప్రసాద్ తన గదిలోకి వెళ్లి కూర్చున్నాడు. అమెరికాలో తెల్లవారే వేళైంది. కొద్దిసేపటికే అతని గొంతు, అరువు తెచ్చుకున్న యాసతో, వినిపించింది. "గుడ్ మార్నింగ్ సర్! యెస్ సర్, యువర్ స్టోర్ విల్ బి ఆన్ టాప్."

సూర్యకుమారి ఉపేంద్రకి అన్నం పెట్టింది. పప్పులో నెయ్యి అడక్కుండానే వేసింది. "నువ్వేం తప్పు చెయ్యలేదు, తల ఎత్తి తిను," అంది. తర్వాత హాలు దాటి వెళ్లి, లోపలి మాటలు మాకు వినపడకుండా, ఆ గది తలుపు చప్పుడు కానీయకుండా మూసింది. ఆ రాత్రికి ఇక తెరవనవసరం లేనట్టు గడియ మీద చెయ్యి ఒక క్షణం ఆనించి, వెనక్కి తీసుకుంది.