పేజీ తిప్పే మనిషి

శనివారం మధ్యాహ్నం పాటల ప్రాక్టీసంటే ముందు బెంచీలు తుడవాలి, తర్వాత కీచులాడుకోవాలి. ఆ చర్చిలో ఎప్పుడూ అదే వరస. హార్మోనియం అక్కయ్య కుడిచేత్తో మెట్లు నొక్కుతూ ఎడంచేత్తో తిత్తి కొడుతుంది కాబట్టి, పుస్తకంలో పేజీ తిప్పేది వాళ్లాయన. ఆయన పోయి నాలుగేళ్లయింది. అయినా వస్తాడు, తడిబట్టలతో పక్కన నిలబడతాడు, ఒక లైను ఆలస్యంగా తిప్పుతాడు. బతికున్నప్పుడూ అంతే లెండి, ఏదీ వేళకి చేసిన మనిషి కాదు.

బాధపడ్డవాళ్లు క్షమించేదాకా పోయినవాళ్లు అలా వస్తూనే ఉంటారని అక్కడ అందరికీ తెలుసు. అక్కయ్యకి వాళ్ల నాన్న ఇచ్చిన సొంత హార్మోనియాన్ని మొగుడు తాగుడుకి అమ్మేసిన రోజు, "నువ్వు చచ్చినా క్షమించను" అంది. ఆయన వానలో బయటికెళ్లి కాలవలో పడ్డాడు. ఆమె ఆ మాట వెనక్కి తీసుకోలేదు. మొదట పౌరుషం. తర్వాత, సిగ్గు విడిచి చెప్పాలంటే, ఆయన్ని చూడకుండా ఉండలేక.

ఆవేళ గొడవ కొత్త పాటల పుస్తకం గురించి. పాత చరణంలో కృప 'కన్నీటితో వేడినవారికి' అని ఉంది. పాటలు నేర్పే మాస్టారు దాన్ని కొట్టేసి, పేజీ అడుగున 'నోరు తెరవనివారికీ' అని పెన్సిలుతో రాశారు.

"అడిగితే ఇచ్చేది సాయమండీ. దానికి దేవుడెందుకు, పక్కింటివాళ్లు చాలు. అడక్కుండా ఇచ్చేదే కృప," అన్నారు మాస్టారు.

పాస్టరుగారు కళ్లజోడు తీశారు. "తప్పు ఒప్పుకోనివాడికీ ఊరికే పంచిపెడితే ఇంక పశ్చాత్తాపం దేనికి? అమ్మా, మేం చెరోవైపూ ఉన్నాం. నువ్వు ఎటంటే అటు."

అక్కయ్య ఆ పెన్సిలు రాతకేసి చూసింది. ఆ కొత్త చరణం తన నోటితో పాడితే క్షమించినట్టే. ఆయన ఇక రాడు.

"మీ ఆయన ఇప్పటిదాకా నిన్ను క్షమాపణ అడిగాడా?" అన్నారు పాస్టరుగారు, కాస్త మెత్తగానే.

లేదనబోయి పక్కన నిలబడ్డ వాళ్లాయనవైపు చూసింది. ఆయన పెదాలు కదులుతున్నాయి. నాలుగేళ్లుగా కదులుతూనే ఉన్నాయి. గొణుగుడు ఆయనకి మామూలేగా అనుకుంది ఇన్నాళ్లూ. శబ్దం మాత్రం రావడం లేదు.

"నోరు పెగలనివాడు ఎలా అడుగుతాడండీ?" అంది. ఏడుపు ఆగలేదు. "మాస్టారు రాసిందే ఉంచండి."

చరణం తనే ఎత్తుకుంది. పేజీ చివరికొచ్చాక, అలవాటు కొద్దీ ఒక లైను ఎదురుచూసింది. ఇంకో లైను చూసింది. అప్పుడు తిత్తి వదిలేసి తనే తిప్పింది. హార్మోనియం ఆగిపోయింది. మిగిలినవాళ్లు ఆమెకేసి చూడకుండా ఉత్తి గొంతులతోనే పాట పూర్తిచేశారు.

పేజీ మూల ఇంకా తడిగానే ఉంది. అది ఆరేదాకా అక్కయ్య దాని మీదనుంచి చెయ్యి తియ్యలేదు.