వెనక టైర్లు

"ఏం నొక్కావు?" అన్నారు మా ఆయన నిన్న మధ్యాహ్నం, స్టీరింగ్ వెనక వెలిగిన పసుపు అక్షరాలు చూసి. ఫోర్ వీల్ డ్రైవ్ సర్వీస్ చేయించమని మా పికప్ మొరపెట్టుకోవడం నెల రోజుల్లో ఇది మూడోసారి. మూడుసార్లూ ఆయన అడిగింది ఆ ఒక్క మాటే. ఇంట్లో మిక్సీ ఆగినా, కుళాయి కారినా నేనే ఏదో నొక్కి ఉంటాను.

కొండ మీద రోడ్డు వేస్తున్న అరవై మందికి రోజూ వండి, పదకొండింటికల్లా గిన్నెలు ఎక్కించి తీసుకెళ్ళేది నేను. బండి మీద రాయించిన పేరు మాత్రం ఆయనది. దానికి నాకు పెద్ద పట్టింపు లేదు. పొద్దున లేచింది మొదలు ఉల్లిపాయలు కోసే మనిషికి ఆ కొండ దారిలో రానూ పోనూ రెండు గంటలు దొరుకుతాయి. ఆ రెండు గంటలూ నన్ను ఎవరూ పిలవరు. అద్దాలు దించుకుని, వచ్చిన పాటలన్నీ తప్పుల తడకగా పాడుకుంటూ పోతాను. నిన్న బురద నిండిన ఎత్తులో ఫోర్ వీల్ డ్రైవ్ పనిచేయక ముందు చక్రాలు లాగలేదు, బండి వెనక్కి జారింది. పనివాళ్ళు దిగివచ్చి గిన్నెలు మోసుకుపోయారు. అది విని అత్తయ్య, ఆడదానికి అంత బండి ఎందుకన్నారు. సోమవారం నుంచి తన తమ్ముడు నడుపుతాడు, నువ్వు వండిపెడితే చాలని ఈయన తేల్చేశారు. నాకు ఏడుపొచ్చింది. వంట గురించి కాదు, ఆ రెండు గంటల గురించి.

మెకానిక్ అంతకుముందు రెండుసార్లూ కంప్యూటర్ తగిలించి మెసేజ్ చెరిపి పంపాడు. నడిపేది నేనైనా, చెప్పేదంతా ఈయనకే చెప్పాడు. అందుకే నిన్న సాయంత్రం కూర ఉడుకుతుంటే బండితో వచ్చిన పుస్తకం తీసి చదివాను. నాలుగు టైర్లూ ఒకే కొలతలో, ఒకే అరుగుదలలో ఉండాలట, లేకపోతే చక్రాల వేగంలో తేడా వచ్చి ఆ మెసేజ్ పడుతుందట. ఈ పొద్దున ముందు టైరుకీ వెనక టైరుకీ నేలకు ఆనేచోట సుద్దతో గీత గీశాను. తల బయటపెట్టి చుట్లు లెక్కపెడుతూ బండిని వీధిలో నెమ్మదిగా నడిపాను. వెనక గీత పదోసారి కిందికి వచ్చేసరికి ముందు గీత ఇంకా జానెడు పైనే ఉంది. వెనక టైర్లు చూస్తే బోడిగుండులా ఉన్నాయి. నెల రోజులుగా గిన్నెలు ఒలికిపోకుండా చూసుకున్నానే గానీ వాటి వంక చూడలేదు, అది నా తప్పే. వాటి మీద కంపెనీ పేరు చూస్తే తెలిసింది, అవి మా బండివి కావు, మరిది బండివి.

షెడ్డులో ఆ మాట మెకానిక్‌తో నేనే అన్నాను. అతను వంగి గాడుల్లో వేలు పెట్టి చూసి, మేడం చెప్పింది నిజమేనని ఈయనకి చెప్పాడు. పోయిన నెల తమ్ముడి బండి తనిఖీకి వెళ్ళాల్సి వస్తే మన మంచి టైర్లు దానికి వేసి, దాని అరిగినవి మన బండికి మార్చానని, ఇంట్లోవాళ్ళ కోసం ఆమాత్రం సర్దుకోకపోతే ఎలా అని మా ఆయన ఎటో చూస్తూ అన్నారు. టైర్లు మార్చిన మనిషే మూడుసార్లూ ఏం నొక్కావని నన్నడిగారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"అవి తర్వాత చూద్దాంలే. ముందు ఆ మెసేజ్ రాకుండా చెయ్యి," అన్నారు మెకానిక్‌తో.

"చెరపకండి," అన్నాను.

ఆయన ఎక్కేదాకా ఆగలేదు. మరిది ఇంటి ముందు బండి ఆపి, జాకీ దించి, అతని బండి వెనక చక్రం పక్కన పెట్టాను. చప్పుడుకి అతను బయటికొచ్చాడు.

"ఏమైంది వదినా? అన్నయ్య ఏడీ?"

"నువ్వు ఆ పక్క బోల్టులు విప్పు," అన్నాను. "సోమవారం నేను కొండెక్కాలి."