ముందే వచ్చే నవ్వు

తన పాత కామెడీ రికార్డును మళ్ళీ విడుదల చేస్తామని కంపెనీవాళ్ళు ఫోన్ చేసిన రోజు నుంచి మిమిక్రీ మాస్టారికి కాలు ఒకచోట నిలవడం లేదు. సంతోషమా అంటే సంతోషమే. కానీ పాత అట్ట మీద "రచన, గాత్రం" అని రెండింటికీ ఆయన పేరే ఉంది. గాత్రం ఆయనదే, అనుమానం లేదు. ఆనాటి మంత్రిగారి గొంతు ఆయనలా దింపినవాడు మరొకడు లేడు. రచన మాత్రం అక్కది.

అక్క అప్పట్లో ఆ మంత్రిగారి ఆఫీసులోనే టైపిస్టు. పొద్దంతా ఆయన ఉపన్యాసాలు టైపు కొట్టి, సాయంత్రం ఇంటికొచ్చి వాటికి వెటకారం అద్దేది. పేరు బయటపడితే ఉద్యోగం ఊడుతుందని తమ్ముడి పేరు వేయించారు. మంత్రిగారు పోయారు, అక్క రిటైరైంది, భయమూ తీరింది. అట్ట మీద పేరు మాత్రం మారలేదు. మెచ్చుకోలుకు అలవాటుపడ్డ ప్రాణం ఓ పట్టాన వదులుతుందా?

స్టూడియోలో సౌండు ఇంజినీరమ్మ రికార్డు మీది గీతల చప్పుడు శుభ్రం చేస్తోంది. కొత్త అట్ట సాయంత్రమే ప్రెస్సుకు వెళుతుందని చెప్పింది. మాస్టారు కూర్చున్నారు, లేచారు, తాగని నీళ్ళ గ్లాసును ఇటు నుంచి అటు జరిపారు.

"ఏరా, కాస్త కుదురుగా కూర్చో. పరీక్ష రాయడానికొచ్చావా?" అంది తోడొచ్చిన అక్క, మూల సోఫాలోంచి.

"సార్, ఒక ఇబ్బంది," అంది ఇంజినీరమ్మ. "హాల్లో జనం ముందు రికార్డు చేశారు కదా. ఒకావిడ ప్రతి జోకుకీ అందరికంటే ముందే నవ్వేస్తోంది. తీసెయ్యమంటారా?"

మాస్టారు గ్లాసును మళ్ళీ ఇటు జరిపారు. ఆ నవ్వు ఎవరిదో ఆయనకు తెలుసు. తీసేస్తే ఇక ఏ గొడవా ఉండదు.

"తీసెయ్యమ్మా," అంది అక్క. "అంత తొందరేమిటి ఆ మనిషికి!"

"ఒక్కసారి వినండి."

రికార్డు తిరిగింది. మంత్రిగారి గొంతు గదంతా నిండింది. "వంతెన కూలిపోయిందని నన్ను నిలదీస్తున్నారు. ప్రారంభోత్సవం చేస్తానని మాటిచ్చాను. చేశాను..."

స్పీకర్లో ఒక నవ్వు కిసుక్కుమంది. సరిగ్గా అప్పుడే సోఫాలోనూ కిసుక్కుమంది. అక్క చేతిసంచి నోటికి అడ్డం పెట్టుకుంది కానీ అప్పటికే ఆలస్యమైపోయింది.

"నిలబడతానని వంతెన మాటిచ్చిందా?" అన్నారు మంత్రిగారు. హాలంతా ఘొల్లుమంది.

ఇంజినీరమ్మ స్పీకరు వంక చూసి, సోఫా వంక చూసింది. "అమ్మా, జోకు ఇంకా రానేలేదు కదా..."

మాస్టారికి సిగ్గేసింది. హాలంతా తనకు చప్పట్లు కొడుతుంటే, ఆ రోజు అక్క చీకట్లో కూర్చుని తను రాసిన మాటకు తనే నవ్వుకుంది.

"ఆ నవ్వు ఉంచమ్మా," అన్నారు. "రచన దగ్గర నా పేరు కొట్టెయ్. అక్కా, నీ పేరు నువ్వే చెప్పు, ఆవిడ రాసుకుంటుంది."

"ఇప్పుడెందుకురా..." అంటూ అక్క నవ్వబోయింది. నవ్వు రాలేదు. గొంతు సవరించుకుని, ఇంటిపేరుతో సహా చెప్పింది. ఎవరూ అడక్కుండానే, కాస్త గట్టిగా, మళ్ళీ చెప్పింది.